వెలితి తీర్చే సీసా

ఫిబ్రవరి 3

నేటినుంచి డెల్ఫీనాకు పాఠాలు. నవంబరు జ్వరం నా భార్య ముక్కును పట్టుకుపోయింది, తిరిగి ఇవ్వలేదు. కాఫీ వాసన లేదు, కట్టెల పొగ లేదు, నా చొక్కా వాసన కూడా లేదు. ఆ చివరిది కొంత మేలే అంటుంది. ఆల్బా పట్నంలో వైద్యుడు నిమ్మనూనె, లవంగనూనె చిన్న సీసాల్లో పోసిచ్చి పొద్దునా సాయంత్రం పీల్చమన్నాడు. అదేం వైద్యం. సెర్రలుంగా కొండమీద, నేలమాళిగ పైన పుట్టి పెరిగిన ముక్కును లవంగం పేరుతో పిలిస్తే పలుకుతుందా? సమాధి ముందు నిలబడి ప్రభువు ఎవరో ఒకరు బయటికి రండని పిలవలేదు. లాజరూ అని పేరు పెట్టి పిలిచాడు. ఈ ముక్కుకూ ఒక పేరుంది. ఆ పేరు బరోలో, మా కొండల ద్రాక్షారసం.

గడువు ఏప్రిల్. బావమరిది సెకోందో కిందికి దిగి, మామగారు ఇసుకలో పాతిన డెబ్భై ఎనిమిది నాటి సీసాలు చూసి వచ్చాడు. రసం మెడ దాటి భుజాల మీదికి జారిందట. బిరడాలు నల్లబడి మెత్తబడ్డాయట. ఇంకో వేసవి ఆగవు. మామ జెర్వాజియో పద్ధతి ఒక్కటే: వరసలో ఒక సీసాను బలి ఇచ్చి, దాని రసంతో మిగతావాటి వెలితి తీర్చి, కొత్త బిరడాలు బిగించాలి. వేరే ఏటిది ఒక్క చుక్క కలపరాదు. ఏ సీసాను బలి ఇవ్వాలో ముక్కు చెప్పాలి. చెడిన సీసాను ఎంచితే ఆ చెడు వరసంతటికీ ఎక్కుతుంది. పులిసిన పిండి కొంచెమైనా ముద్దంతటినీ పులియజేస్తుందని అపొస్తలుడు ఊరికే అన్నాడా. కిందటిసారి మామ పక్కన నిలబడి ఎంచిన ముక్కు డెల్ఫీనాదే.

సెకోందో ఆల్బా నుంచి నిపుణురాలిని పిలిపిద్దామన్నాడు. డెల్ఫీనా చేతిలో గిన్నె కింద పెట్టి, నాన్న సీసాలు పరాయి ముక్కు ముందు తెరవనని, ఇంట్లో ముక్కు లేకపోతే అవి ఇసుకలోనే పోనీ అని చెప్పేసింది. ఆమె అన్నదంటే అన్నదే.

అవి మా పెళ్ళి ఏటివి. మామ ఆ పెళ్ళికి రాలేదు. కూతురు వాల్దేసి అనే ప్రొటెస్టెంటు సంఘపువాణ్ణి, ఇక్కడి క్యాథలిక్కుల నోట బార్బెట్‌ని, కట్టుకుంటుంటే ఆ గుడి మెట్లు ఎక్కనన్నాడు. ఆ అక్టోబరులో కోసిన పంటలో మేలైనదంతా మాత్రం ఇసుకలో పాతి, పైన గోడమీద సుద్దతో కూతురి పేరు రాశాడు. నా పేరు రాయలేదు. నేను దాన్ని ఎన్నడూ మనసులో పెట్టుకోలేదు.

మొదటి పాఠం బాగా జరిగింది. ఏమీ తెలియని కొత్తవాళ్ళకు చెప్పినట్లే చెప్పాను. దాచదగిన ఎర్ర రసం అంటే చిన్నతనంలో నోటికి నచ్చేది కాదు. వగరు ఉండాలి, పులుపు ఉండాలి, నాలుకను పట్టి గీరాలి. దోల్చెత్తో ద్రాక్ష ఉంది చూడు, అది మన్నా. ఏ పూటది ఆ పూట తినాలి, దాస్తే పురుగు పడుతుంది. బరోలో పిండే నెబ్బియోలో ద్రాక్ష సంగతి వేరు. అది మందసంలో బంగారు పాత్రలో దాచిన మన్నా. అదే మన్నా, కానీ దాన్ని దాచమన్న ఆజ్ఞ ఉంది.

డెల్ఫీనా నవ్వింది. ఇవన్నీ నీకు చెప్పింది నేనే కదా అంది. నువ్వు చెప్పింది తాగడం, నేను చెప్పేది విశ్వసించడం అన్నాను.

ఫిబ్రవరి 6

ఏమీ లేదు. యెరికో గోడ మొదటిరోజే కూలిందా.

ఫిబ్రవరి 11, ఆదివారం

సంఘ కాపరి శ్రీమతి పోన్స్ టొరీనో నుంచి నెలకొక్కసారి వస్తారు. మిగతా ఆదివారాలు ప్రసంగ వేదిక నాది. ఏ వేదాంత కళాశాల గడపా తొక్కనివాడికి ఇది దేవుడిచ్చిన వాటా. నేడు యెషయా చెప్పిన విందు మీద మాట్లాడాను: మడ్డిమీద నిలిచి తేరిన పాత ద్రాక్షారసంతో సైన్యముల అధిపతి చేసే విందు. గొంతు బాగా పలికింది. వెనక వరసలో ముసలి రిబే కూడా మేలుకునే ఉన్నాడు.

డెల్ఫీనా ముక్కు కోసం సంఘమంతా ప్రార్థించింది. వస్తుంది. నాకు సందేహం లేదు.

ఫిబ్రవరి 14

గులాబీ!

ఇలా జరిగింది. భోజనం అయ్యాక తొంభై ఆరు నాటి బరోలో పోశాను. ముందు నువ్వు చూసి చెప్పు, తరవాత నేను దాని వెంట వెళ్ళి వెతుక్కుంటాను అంది. నేను చూశాను, గులాబీ అన్నాను. ఏ గులాబీ అని అడిగింది. తోటలో పొద్దున్నే విచ్చినదా, పుస్తకంలో పెట్టి మరచిపోయినదా? మళ్ళీ ముక్కు పెట్టాల్సి వచ్చింది. ఎండినదే. దాని వెనక? వెనక తారు. ఎండలో మెత్తబడిన రోడ్డు తారా, పడవకు పూసే తారా? ఇంత ఆసక్తి ఆమెలో నవంబరు తరవాత చూడలేదు. అప్పుడామె గ్లాసు తీసుకుంది. చాలాసేపు పట్టుకుంది. అవును, ఎండిన గులాబీ అంది.

మోకాళ్ళమీద పడ్డాను. ఆమె నా నెత్తిమీద చెయ్యి వేసింది.

ఫిబ్రవరి 20

పాఠాలు ఇప్పుడు ఆమే ఏర్పాటు చేస్తోంది. అది స్వస్థతకు గుర్తు. సీసాలకు నా పాత మేజోళ్ళు తొడిగి పేరు కనపడకుండా చేసి, వరసగా గ్లాసులు పెట్టి, తోడుగా నన్నూ కూర్చోమంటుంది. ఒంటరిగా వాసన చూడటం ఒంటరిగా పాడినట్లుంటుందట.

నేడు నాలుగు గ్లాసులు. మొదటిది చూడగానే బరోలో అన్నాను. మేజోడు తీసింది. సియెనా వైపు మోంటల్చీనో నుంచి వచ్చిన బ్రునెల్లో. పాఠం చెప్పేవాడు అప్పుడప్పుడు తప్పు చెప్పాలి, లేకపోతే శిష్యులకు ధైర్యం రాదు. ఆ మాటే ఆమెకు చెప్పాను. ఆమె ఒప్పుకుంది. అయినా మళ్ళీ చూడమంది, కంటితో కాదు, ముక్కుతో. చూశాను. బ్రునెల్లోలో పుల్లటి చెర్రీ, వెనక తోలు. గులాబీ లేదు. అమరోనే సులువు. ద్రాక్షను చాపలమీద ఎండబెట్టి పిండిన రసం కదా, ఎండుద్రాక్ష వాసన గదిలోకి ముందే వస్తుంది. దక్షిణాన తౌరాజిది పొగ, మిరియం, ఇంకా పెళ్ళికాని కోపిష్ఠి. మనది మాత్రం పైకి పాత ఇటుక రంగులో పలచగా, పేదగా కనపడుతుంది. కొత్తవాళ్ళు అక్కడే మోసపోతారు. నల్లగా చిక్కగా ఉన్నదాన్నే గొప్పదనుకుంటారు. దావీదు అన్నలను చూసి సమూయేలు కూడా అలాగే అనుకున్నాడు.

పక్క కొండల బర్బరెస్కోకూ మన బరోలోకూ తేడా చెప్పమంది. చెప్పాను. సరిగ్గానే చెప్పాను. ఆమె ముఖం వెలిగింది.

కొనేటప్పుడు ఏం చూడాలని కూడా అడిగింది, కొత్తవాళ్ళు అడిగేలా. మామ మాటే చెప్పాను: కొండను చూడు, చేసిన చేతిని చూడు, ఏ ఏటి పంటో చూడు. ఆ తరవాత సీసా ఇన్నాళ్ళు ఎక్కడ పడుకుందో అడుగు. ఎంత గొప్ప ఏటిదైనా, పొయ్యి పక్క అలమరలో నిలబడి ముసలిదైతే అది ఉప్పుస్తంభమైన లోతు భార్యే.

సాయంత్రం సెకోందో వచ్చాడు, నోట్లో వంకర చుట్టతో. గ్లాసులు చూసి గుమ్మంలోనే ఆగాడు.

"బావా, మీ దేవుడు నీళ్ళను ద్రాక్షారసం చేశాడు, సంతోషం. నువ్వు మా నాన్న ద్రాక్షారసాన్ని నీళ్ళు చెయ్యకు, అంతే చాలు."

కూర్చో, నువ్వూ నేర్చుకుందువుగాని అన్నాను. తన ముక్కు ఎప్పుడో చుట్టకు తాకట్టు పెట్టానన్నాడు. అక్కవైపు చూసి ఏదో అడగబోయాడు. ఆమె వాడి చేతిలో హేజల్‌నట్ కేకు ముక్క పెట్టి పంపేసింది.

మార్చి 3, ఆదివారం

నేడు సంఘం ముందు సాక్ష్యం చెప్పాను. నా ఇంట్లో ప్రభువు చేసిన కార్యాన్ని గిన్నె కింద దాచే దీపంలా దాచనా? మూసుకుపోయిన ముక్కు తెరుచుకుందని చెప్పాను. ఎండిన గులాబీ సంగతి చెప్పాను. ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు. డెల్ఫీనా తన చేతి తొడుగుల కుట్టు చూసుకుంటూ కూర్చుంది. ఆమె ఎప్పుడూ వినయవంతురాలు.

దారిలో మాట్లాడలేదు. కారులో వెచ్చదనం రావడం లేదు, చలికి నోరు కట్టేసుకుంది.

మార్చి 9

పాలు అడుగంటి మాడాయి. పెరట్లో ఉన్న నాకే వాసన తగిలింది. ఆమె పొయ్యి పక్కనే నిలబడి ఉల్లిపాయలు తరుగుతోంది. ఆలోచనలో ఉందట. సువార్తలో మార్తకు కూడా ఎన్నో పనుల తొందర.

మార్చి 16

చెడిన సీసా పాఠం. ఇది ఆమె పట్టుబట్టి పెట్టించింది. సెకోందోతో చెప్పి, పై వీధి భోజనశాలలో ఎవరో తిప్పి పంపిన సీసా తెప్పించింది. చూశాను. బాగానే ఉందన్నాను. కాస్త మూగగా ఉంది, అంతే. ఆ మూగతనమే మొదటి గుర్తు అంది. చెడిన బిరడా ముందు పండు గొంతు నొక్కుతుందట, తరవాతే తన కంపు చూపిస్తుందట. గ్లాసును అరచేతుల్లో వెచ్చబెట్టమంది. బయటికి వెళ్ళి గాలి పీల్చి రమ్మంది. తిరిగొచ్చాక మొదటి పీల్పునే నమ్మాలి, రెండోదాన్ని నమ్మకూడదు. రెండోదానికల్లా ముక్కు చెడుతో స్నేహం చేసేస్తుందట. వెళ్ళి వచ్చి పీల్చాను. వానలో తడిసిన అట్టపెట్టె. ఒక్క క్షణం, అంతే. తరవాత మళ్ళీ గులాబీలా అనిపించింది.

దీని మీద ఒక ప్రసంగం ఉంది. రాయాలి. ఇస్సాకు కొడుకు బట్టల వాసన చూసి, ఇది నా కొడుకు వాసనే అని నమ్మి వేరేవాణ్ణి దీవించాడు. పాపం, బయటికి వెళ్ళి గాలి పీల్చి రాలేదు.

నువ్వూ చూడు అన్నాను. ఇవాళ తల నొప్పిగా ఉంది, నీ మాట చాలు అంది.

మార్చి 24, ఆదివారం

శ్రీమతి పోన్స్ వచ్చారు. మా వంటింట్లో డెల్ఫీనాతో చాలాసేపు తలుపు వేసుకుని మాట్లాడారు. వెళ్ళేముందు నన్ను పక్కకు పిలిచి, భార్య పేరు వేదికమీద ఇక ఎత్తవద్దని మెత్తగా అన్నారు. చదువుకున్నవాళ్ళకు అద్భుతాలంటే జంకు.

ఏప్రిల్ 6

సీసాలను ఇసుకలోంచి లేపాం. మడ్డి దిగడానికి వారం రోజులు నిలబెట్టాలి. బల్లమీద ఒకే వరసలో నిలబడి ఉంటే పాత విశ్వాసుల్లా ఉన్నాయి, భుజాలు జారి, నెత్తిన దుమ్ముతో. ఒక్కటి మాత్రం మెడ నిండా ఉంది, నిన్ననే పోసినట్లు. చూడగానే నా గుండె దాని దగ్గర ఆగింది. నా గిన్నె నిండి పొర్లుతోందని కీర్తనకారుడు పాడింది దీని గురించే. బలి సీసా ఇదే అన్నాను. సెకోందో కూడా అదే అన్నాడు. జీవితంలో మొదటిసారి మేమిద్దరం ఒక మాట మీద నిలబడ్డాం.

సీసా నిండుగా ఉంటే బిరడా గట్టిదని తెలుస్తుంది, అంతకుమించి ఏమీ తెలియదు అంది డెల్ఫీనా.

శనివారం ఆ పని. ఆమె ముక్కు సిద్ధంగా ఉంది. పూర్తిగా సిద్ధంగా ఉంది.

ఏప్రిల్ 13

జరిగింది జరిగినట్లు రాస్తాను.

పొద్దున్నే దిగాం. బిరడాలు నానబెట్టి ఉంచాం, బిరడా బిగించే యంత్రాన్ని సెకోందో తుడిచాడు, నేను కొవ్వొత్తి వెలిగించి ప్రార్థన చేశాను. సెకోందో శిలువ గుర్తు వేసుకున్నాడు, నేను చూడనట్లు ఊరుకున్నాను. నిండు సీసా తెరిచాడు. బిరడా ముక్కలు కాకుండా ఒక్క లాగుడుకే వచ్చింది. రంగు అద్భుతం. పోసి గ్లాసు డెల్ఫీనా చేతికిచ్చాను.

ఆమె ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది.  నేను పెదవులు కదిలిస్తున్నాను. ఆమె కళ్ళు తెరిచి సీసాల వరస చూసింది, తరవాత నా ముఖం చూసింది. గ్లాసు బల్లమీద పెట్టేసింది.

"నాకేమీ తెలియడం లేదు."

జలుబేమో అక్కా అన్నాడు సెకోందో. జలుబు కాదంది. నవంబరు నుంచి ఒక్కరోజు కూడా ఏ వాసనా లేదంది. నేను ఫిబ్రవరి గులాబీ సంగతి గుర్తు చేశాను. అది నువ్వు చెప్పిన గులాబీ అంది. నరం చచ్చింది, ఇక రాదు అని వైద్యుడు జనవరిలోనే చెప్పాడట. లవంగనూనె ఊరడింపుకు ఇచ్చాడట.

మరి ఇన్నాళ్ళ పాఠాలు ఏమిటని అడిగాను. గొంతు పెద్దదే అయింది, నేలమాళిగ తిరిగి అరిచింది.

"పాఠాలు నీకు. ఈ సీసాలకు ఇంటి ముక్కు ఒకటి కావాలి. వీడిది చుట్టతో కాలిపోయింది, నాది జ్వరంతో పోయింది, మిగిలింది నీది. మంచి ముక్కే, ఎప్పుడూ వాడలేదు."

"ఆ మాట అప్పుడే చెప్పొచ్చు కదా."

"చెబితే కూర్చునేవాడివా? నీకు నేర్పేవాళ్ళు ఇంకా పుట్టలేదు, ఎలిసేయో. నువ్వే నేర్పుతున్నానని అనుకుంటే తప్ప నీకు ఏదీ తలకెక్కదు."

సెకోందో గోడవైపు తిరిగి దగ్గాడు. అది దగ్గు కాదు.

మెట్లెక్కి పైకి వచ్చేశాను. పెరట్లో ద్రాక్ష వరసల ముందు నిలబడ్డాను. ముక్కులుండి వాసన చూడలేనివి విగ్రహాలని కీర్తనకారుడు అన్నాడు, నలుగురి ముందు సాక్ష్యమిచ్చిన విగ్రహం నేనే. సంఘం ముందు నా నోటితో చెప్పాను. ఆమె చెప్పనిచ్చింది. కోపం గట్టిగా ఊపిరి పీల్పించింది. ఆ తరవాత ఇంకా గట్టిగా. కొండమీది గాలి చల్లగా, ఖాళీగా ఉంది. అలా ఎంతసేపు పీల్చానో, ఒక్కసారిగా నాకే అనిపించింది, ఇది సీసా దగ్గరికి వెళ్ళవలసిన సమయమని. తిన్నగా దిగాను.  గ్లాసును అరచేతుల్లో పెట్టుకుని ఒక్క పీల్పు పీల్చాను.

గులాబీ ఉంది. దాని గొంతుమీద ఎవరో చెయ్యి పెట్టినట్లు ఉంది. కింద తడిసిన అట్ట.

ఆ సీసానే ఎంచాలని నాకు ఆశ. అది అంత నిండుగా ఉంది. ఇంకోసారి పీల్చి ఉంటే అంతా బాగుందనేవాణ్ణి, నా సంగతి నాకు తెలుసు. పీల్చలేదు. కుండలో మృత్యువుందని శిష్యులు ఎలీషాతో అన్నట్లే అన్నాను, ఇది చెడింది అని. నా పేరుగల ఆ ప్రవక్త గుప్పెడు పిండి వేసి కుండను బాగుచేశాడు. సీసాకు పిండి పనిచేయదు.

సెకోందో గ్లాసు లాక్కుని తాగి చూశాడు. నీకు పిచ్చి పట్టింది బావా, ఇంతకంటే మేలైనది ఈ వరసలో లేదు, మిగతావాటిలో పోసేయండి అన్నాడు. నాన్న ఉంటే ఇదే ఎంచేవాడన్నాడు.

డెల్ఫీనా వాణ్ణి చూడలేదు.

"ఖాయమా?" అని నన్ను అడిగింది.

"ఖాయం."

సీసాను మెడ పట్టుకుని తీసుకెళ్ళి, మూలనున్న కాలవలో తలకిందులు చేసింది. రెండోమాట అడగలేదు. చివరి చుక్క పడేదాకా అలాగే పట్టుకుంది. నలభై ఆరేళ్ళ కాపురంలో ఎన్నో సభల్లో నా మాట విన్నారు, తల ఊపారు, ఏడ్చారు. ఒక్క మాటకు ఇంత పెద్ద కానుక ఎవరూ వెయ్యలేదు.

తరవాత రసం అన్నింటికంటే బాగా జారినదాన్ని తెరిపించాను, బిరడా తీస్తుంటే ముక్కలైనదాన్ని. సెకోందో మూలిగాడు. పీల్చాను, బయటికి వెళ్ళాను, వచ్చి పీల్చాను. బలి సీసా ఇదే అన్నాను. ఆమె గరాటు అందుకుంది.

మధ్యాహ్నానికి వరసంతా మెడల దాకా నిండింది. సెకోందో చివరి బిరడా కొట్టి, బార్బెట్‌గాడి ముక్కును మా నాన్న చూడాల్సింది అన్నాడు. వెక్కిరింపు కాదు. వెక్కిరింపు అయితే చుట్ట నోట్లోంచి తీసేవాడు కాదు.

ఏప్రిల్ 14, ఆదివారం

వేదికమీద సాక్ష్యాన్ని సరిదిద్దాను. తెరుచుకున్న ముక్కు డెల్ఫీనాది కాదు, నాది అని చెప్పాను. కొందరు నవ్వారు. ముసలి రిబే గట్టిగా ఆమేన్ అన్నాడు. ప్రసంగం చిన్నదైంది, అయినా నిలబడింది.

ఇంటికొచ్చి తజరీన్, మా సన్నటి గుడ్డు సేమ్యా, వండుకున్నాం, కుందేటి పులుసుతో. నిన్నటి బలి సీసాలో వెలితి తీర్చాక మిగిలిన కొద్ది రసాన్ని రెండు గ్లాసుల్లో పోసి బల్లమీద పెట్టింది. నాలుకకు పులుపు తెలుస్తుందట, వగరు తెలుస్తుందట, వెచ్చదనం తెలుస్తుందట. మిగతాది నువ్వు చెప్పు అంది. నేను గొంతు సవరించుకుని, సైన్యముల అధిపతి ఈ కొండమీద సమస్త జనులకు అని ఎత్తుకున్నాను.

"వాక్యం వద్దు. గ్లాసులో ఏముందో చెప్పు."

నా దగ్గర వేరే మాటలు లేవనుకున్నాను. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. తడి ఆకులు అన్నాను. వానకు ముందు మట్టి. అతిమధురం వేరు, కొరికి ఊసినది. నారింజ తొక్క ఎండినది. మీ నాన్న కోటు, తలుపు వెనక తగిలించింది. ఒకటి చెప్పాక ఇంకొకటి దొరికింది. చాలాసేపు చెప్పాను, మెల్లగా, ప్రసంగం గొంతు లేకుండా. ఆమె కళ్ళు మూసుకుని తాగుతోంది. నేను ఆపేదాకా గ్లాసు దించలేదు.